మూడు నల్ల పెన్సిళ్ళు

తాడేపల్లిగూడెంలో కొత్త చీర కొన్న ఆడవాళ్ళు ఇంటికి వెళ్ళేముందు ఒక కొట్టు మెట్లెక్కుతారు. జాకెట్టు ముక్కలు, లైనింగులు, ఫాల్స్, దారాలు తప్ప ఇంకేమీ అమ్మని మ్యాచింగ్ కొట్టు అది. బోర్డు మీద ఏదో దేవుడి పేరుంది గానీ ఎవరూ చదవరు. త్రిపుర గారి కొట్టు అంటారు. ఆవిడ పూర్తి పేరు బాలాత్రిపురసుందరి. అంత పేరూ పిలిచే తీరిక బజార్లో ఎవరికుంది?

గల్లా దగ్గర కూర్చునేది ఆవిడ భర్త ఆంజనేయప్రసాద్. ప్రసాదూ నేనూ హైస్కూల్లో ఒకే బెంచీ. నేను టెలిఫోన్స్‌లో రిటైరయ్యాక ఆ కొట్లో నాకొక స్టూలు దొరికింది. పొద్దున్న పదింటికి ఏదో ఒక పుస్తకం పట్టుకుని వెళ్ళి భోజనం వేళదాకా చదువుకుని వస్తాను. "అచ్యుతరావు చదువుతాడు, మా ఆవిడ అమ్ముతుంది, నేను కూర్చుంటాను. ముగ్గురికీ చేతినిండా పనే" అంటాడు ప్రసాద్.

త్రిపుర గారి పద్ధతి ఒకటుంది. చీర కొంగు చూసి, వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపి అరలోంచి ఒక ముక్క లాగుతారు. అక్కడితో అయిపోదు. చీర, ముక్క రెండూ పట్టుకుని కొట్టు దిగుతారు. కొట్టుకి మూడు మెట్లు. పై రెండు మెట్ల మీదా పరదా నీడ పడుతుంది. మూడో మెట్టు మీద మాత్రం నేరుగా ఎండ. అక్కడ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసి, తలూపితే బేరం అయినట్టు. "ట్యూబులైటు అబద్ధాలాడుతుందమ్మా, ఎండ ఆడదు" అంటారు.

రంగులకి ఆవిడ పేర్లు ఆవిడవి. ఉల్లిపొర, మెంతిపిండి, బచ్చలిపండు, మామిడి చిగురు, నెమలి కంఠం. ఆవిడ పుట్టిల్లు కొల్లేటి దగ్గర కలిదిండి, వాళ్ళ నాన్నదీ బట్టల కొట్టే. బూడిదా కాక, పచ్చా కాక, నీలమూ కాని ఒక రంగు అరలో అట్టడుగున ఉంటుంది. దాన్ని ఆవిడ "కొల్లేటి రంగు" అంటారు. అది ఏ చీరకి నప్పుతుందో ఆవిడకి తప్ప ఇంకెవరికీ తెలీదు. ముప్పై రెండేళ్ళలో ఆవిడిచ్చిన ముక్క ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. కోడలు భార్గవి చురుకైన పిల్ల, కొట్లో చేరి ఆరేళ్ళయింది. అయినా కొనేవాళ్ళు ఆ అమ్మాయి చేతిలో ముక్క తీసుకుని, "త్రిపుర గారు ఒకసారి చూశారాండీ?" అనే అడుగుతారు.

ఇక పెన్సిళ్ళ సంగతి. జనవరిలో విజయవాడ పుస్తకాల పండక్కి వెళ్ళి, రంగు పెన్సిళ్ళతో బొమ్మలెయ్యడం నేర్పే పుస్తకం ఒకటి కొన్నాను. దాంతోపాటు నలభై ఎనిమిది పెన్సిళ్ళ రేకుడబ్బా, అట్ట గట్టిగా ఉన్న ఒక స్కెచ్ బుక్కూ. పుస్తకం రెండుసార్లు చదివాను, కింద గీతలు కూడా గీశాను. డబ్బా మూత మాత్రం తియ్యలేదు. ఈత గురించి చదివి ఒడ్డునే కూర్చునే మనిషిని నేను. శ్రావణమాసం హడావుడి అయ్యి, భాద్రపదంలో బేరాలు పల్చబడ్డాక, ఆ సరంజామా అంతా సంచీలో వేసుకుని కొట్టుకి తీసుకెళ్ళాను. కనీసం నలుగురిలో ఉంటే సిగ్గుపడైనా మొదలుపెడతానేమోనని.

మూత తీసింది త్రిపుర గారు. నలభై ఎనిమిది మొనలూ ఒక్కసారి కనపడేసరికి ఆవిడ మొహం చూడాలి.

"అన్నయ్యగారూ, ఇన్నాళ్ళూ ఇది ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తున్నారండీ?"

"చదువుతున్నానమ్మా."

"పెన్సిళ్ళనా?" అన్నాడు ప్రసాద్ గల్లా దగ్గర్నించి.

స్కెచ్ బుక్కు తెరిచి ఆవిడ కాగితం మీద అరచెయ్యి పెట్టి నిమిరారు. మొహం కొంచెం చిట్లించారు. "కాగితం మంచిదే గానీ తెలుపు కాదండీ. గంధం కలిసింది. ఈ రోజుల్లో తెలుపనేదే రావట్లేదు. కాగితమైనా అంతే, బట్టైనా అంతే. ఎంత నీలిమందు పెట్టినా మీ స్నేహితుడి చొక్కాలు పచ్చబడే ఉంటున్నాయి."

నాకు ఆ కాగితం మల్లెపువ్వులా కనపడింది. కానీ రంగుల విషయంలో త్రిపుర గారు అన్నాక నాదేముంది? ఆ పూట ఇంటికెళ్ళి కళ్ళజోడు తుడుచుకున్నాను.

పుస్తకంలో మొదటి పాఠం, పెన్సిళ్ళన్నిటితో చిన్న చిన్న గళ్ళు నింపి ఒక పట్టిక వేసుకోమని. ఆ మాట చెప్పగానే ఆవిడ నవ్వేశారు. "షేడ్ కార్డేగా! పుట్టినప్పట్నించీ అదే పని." మధ్యాహ్నానికల్లా మొదటి పేజీ నిండిపోయింది. పెన్సిల్ మీద కంపెనీవాడు సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో వేసిన పేర్లు ఆవిడ పట్టించుకోలేదు. ప్రతి గడి కిందా తన పేర్లే రాసుకున్నారు. జామపండు, ఇటుక, కనకాంబరం, చిలకపచ్చ. అంతా అయ్యాక లెక్క చూసి పెదవి విరిచారు.

"వంకాయ రంగు లేదండీ ఇందులో. వంకాయ రంగు లేని డబ్బా ఎవడైనా అమ్ముతాడా?"

"రెండు మూడు రంగులు ఒకదాని మీద ఒకటి వెయ్యాలమ్మా. లేత చేత్తో. ముందు ఎరుపు, దాని మీద నీలం. పుస్తకంలో రాసుంది" అన్నాను.

"ఎరుపు ముక్కా నీలం ముక్కా కలిపి వంకాయ రంగని ఇస్తే మా కొట్లో ఊరుకుంటారా? మ్యాచింగంటే ఒకటేనండీ. ఉంటే ఉంది, లేకపోతే లేదు."

ఆవిడ చెయ్యీ అలాగే ఉండేది. పెన్సిల్ పట్టుకుంటే నొక్కి పట్టడమే. మొన విరగడం, చెక్కుకోవడం, మళ్ళీ విరగడం. మొదటి వారంలో ఎర్ర పెన్సిల్ సగమైంది. భార్గవి పొట్టు ఊడ్చలేక, "అత్తయ్యగారూ, మనం వడ్రంగి పని కూడా మొదలెట్టామాండీ?" అనేది.

అయితే వంకాయ ఆవిణ్ణి వదల్లేదు. మర్నాడు బజార్లోంచి నిజం వంకాయే తెచ్చి మూడో మెట్టు మీద ఎండలో పెట్టారు. పక్కన చిన్న పీట వేసుకుని కూర్చున్నారు. దార్న పోయేవాళ్ళు ఆగి, "దిష్టికాండీ?" అని అడిగారు. ఆవిడ తలెత్తలేదు. చాలాసేపటికి, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు, "ముప్పై రెండేళ్ళు వంకాయ రంగు అమ్మాను గానీ వంకాయని చూళ్ళేదండీ. తొడిమ దగ్గర తెలుపు, పక్కన ఎరుపు జీర. ఇన్ని ఉన్నాయి దీంట్లో" అన్నారు.

అప్పట్నించీ అదొక వ్రతమైంది. తను పేరు పెట్టి అమ్మిన ప్రతి రంగుకీ అసలు వస్తువు తెచ్చి, చూసి, పేజీకొకటి చొప్పున వెయ్యాలి. ఉల్లిపాయ వచ్చింది. బచ్చలిపళ్ళ గుత్తి వచ్చింది, దాని రసం పుస్తకానికి కూడా అంటింది. కనకాంబరాల మూర వచ్చింది. "రేపు నెమలిని తెమ్మంటుంది. లైసెన్సెవరిస్తారురా?" అన్నాడు ప్రసాద్. ఈ మాటలన్నీ అంటూనే, ఆవిడ మెట్టు మీద కూర్చున్నంతసేపూ తను కౌంటర్ దగ్గరకొచ్చి నిలబడేవాడు. లేతనీలం చొక్కాలో ఆ చివర్నించి ఈ చివరకి తిరిగేవాడు. జన్మంతా తెల్లచొక్కా తప్ప వెయ్యనివాడు, ఈ రెండేళ్ళుగా లేతనీలాలకి దిగాడు. "ఏరా, ఈ వయసులో సోకులేంటి?" అంటే నవ్వి ఊరుకునేవాడు.

నేను పుస్తకాల మనిషిని. ఎదుటివాళ్ళ పేజీ కూడా ఆగి చదివే అలవాటు. ఒకరోజు ఆవిడ షేడ్ కార్డు చూస్తున్నాను. కింది వరసలో మూడు గళ్ళ కింద ఒకటే పేరుంది. నలుపు, నలుపు, నలుపు.

"నలభై ఎనిమిదిలో మూడు నలుపులిచ్చాడండీ. డబ్బా నింపడానికి ఎంత మోసం చూడండి" అన్నారు త్రిపుర గారు.

ఆ మూడు గళ్ళూ నాకు మూడు రంగుల్లో కనపడుతున్నాయి. ఒకటి నలుపే. రెండోది చిక్కటి నీలం. మూడోది కాఫీగింజ రంగు. నోటిదాకా వచ్చింది. ముప్పై రెండేళ్ళుగా ఊరంతా ఎవరి కన్ను నమ్ముకుందో, ఆవిడకి నీ కన్ను తప్పమ్మా అని చెప్పడం ఎలాగో నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు. "అవునమ్మా, మోసమే" అన్నాను.

పన్నెండు రోజులు గడిచాయి. పెంటపాడు నించి వీరదుర్గ వచ్చింది. రైతు కుటుంబం, మంచి మనిషి, పాతికేళ్ళుగా ఇక్కడే మ్యాచింగ్. చేతిలో సంచీ ఉంది గానీ మెట్ల దగ్గరే తచ్చాడుతోంది.

"రా అమ్మా వీరదుర్గా, అక్కడే నిలబడ్డావేం?" అన్నారు త్రిపుర గారు.

"ఏం లేదండీ. మీ తప్పని కాదండీ. నేనే చూసుకోవాల్సింది." సంచీలోంచి నల్లచీర తీసింది. దాని మీద కుట్టించిన జాకెట్టు పెట్టింది. "మొన్న మా మరిది కూతురి ఓణీల ఫంక్షన్‌కి కట్టుకున్నానండీ. టెంటు దాటి ఎండలోకి రాగానే మా తోటికోడలు పదిమందిలో అంది, చీర నల్లదైతే జాకెట్టు స్కూలు యూనిఫాం నీలం ఎందుకే అని. మీరు మెట్టు దిగి చూసిచ్చారని నేను మళ్ళీ చూడనే లేదండీ."

త్రిపుర గారు రెండూ అందుకున్నారు. మూడో మెట్టు మీదకి వెళ్ళారు. ఎండ బాగా ఉంది. ఒకసారి చూశారు, మడత తిప్పి మళ్ళీ చూశారు. ఆవిడకి రెండూ ఒకటే రంగని నాకు ఆ నిలబడ్డ తీరులోనే తెలిసింది. భార్గవి గబగబా లోపల్నించి నల్ల ముక్క ఒకటి తెచ్చి వీరదుర్గ చేతిలో పెట్టింది. "దర్జీ కూలి కూడా మేమే ఇచ్చుకుంటామండీ" అని, అత్తగారి వైపు చూడకుండా, "అత్తయ్యగారూ, ఇక నించీ చిక్కటి రంగులు నేను చూస్తానండీ" అంది. తప్పుగా ఏమీ అనలేదు. ఎంతో మెత్తగానే అంది. త్రిపుర గారు ఆ రోజంతా మరి మెట్టు దిగలేదు. ఎవరేం అడిగినా, "భార్గవినడగండమ్మా" అన్నారు. ఆవిడకి ఉన్నదల్లా ఆ మాటే. ఇది నప్పుతుంది, ఇది నప్పదు అనే మాట. అదే పోతే ఆ కొట్లో ఆవిడ ఒక కుర్చీ.

మర్నాడు నేను వెళ్ళేసరికి ఆవిడ మూడో మెట్టు మీద కూర్చుని ఉన్నారు. ఒళ్ళో పెన్సిళ్ళ డబ్బా.

"అన్నయ్యగారూ, ఇలా రండి. ఈ మూడిటి మీదా ఏం రాసుందో చదవండి. ఉన్నది ఉన్నట్టు."

చదివాను. "ఇది బ్లాక్ అమ్మా. ఇది డార్క్ బ్లూ. ఇది డార్క్ బ్రౌన్."

"మీకు చూస్తే తెలుస్తోందా?"

"తెలుస్తోంది."

"ఎప్పట్నించి?"

"ఆ షేడ్ కార్డు చూసిన రోజు నించి."

ఆవిడ నాకేసి చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. "ఇన్ని పుస్తకాలు చదివితే నోరు పడిపోతుందన్నమాట" అన్నారు. తర్వాత లోపలికి తిరిగి, "ఏవండీ, రేపు కొట్టు భార్గవి చూసుకుంటుంది. ఏలూరు వెళ్ళి కళ్ళు చూపించుకొద్దాం" అన్నారు.

ప్రసాద్ ఎందుకని అడగలేదు. చొక్కా జేబులోంచి కళ్ళ డాక్టరు కార్డు తీసి, "పొద్దున్న బండికైతే తొందరగా నంబరు దొరుకుతుందట" అన్నాడు. ఆ కార్డు అంచులు నలిగి, మడత దగ్గర చిరగడానికి సిద్ధంగా ఉంది. అప్పుడు నేనది పట్టించుకోలేదు.

రెండు కళ్ళలోనూ శుక్లాలు బాగా ముదిరాయన్నారు ఏలూరు డాక్టరు గారు. ముందు కుడికన్ను, నెల తర్వాత ఎడమకన్ను అని నిర్ణయమైంది. ఆపరేషన్ ఎంతసేపో పట్టలేదు గానీ, ఆ ముందు రోజు త్రిపుర గారు డాక్టరు గారిని అడిగిన ప్రశ్న ఒకటే. "అక్షరాలు కనపడకపోయినా ఫరవాలేదండీ. నలుపూ నీలమూ విడిగా కనపడతాయా?"

"కనపడతాయమ్మా. మీకేం పని వాటితో?"

"అదే పనండీ" అన్నారావిడ.

తోడుగా నేనూ వెళ్ళాను. కట్టు విప్పాక ముగ్గురం మధ్యాహ్నం పాసింజర్లో తిరిగొస్తున్నాం. నల్లద్దాలు తియ్యొద్దని చెప్పి పంపించారు. దెందులూరు దాకా బుద్ధిగానే కూర్చున్నారు. భీమడోలు దాటాక కిటికీ బయట చేపల చెరువులు మొదలయ్యాయి. ఆవిడ చటుక్కున అద్దాలు పైకెత్తి, అరచేత్తో ఎడమకన్ను మూసుకున్నారు. తర్వాత కుడికన్ను. మళ్ళీ ఎడమ. ఎదురు సీటాయన కన్నుకొడుతున్నారేమోనని మొహం తిప్పేసుకున్నాడు.

"అన్నయ్యగారూ, ఈ కంటికి నీళ్ళు టీ నీళ్ళలా ఉన్నాయి. ఈ కంటికి వెండి. మా నాన్న కొట్టు అరుగు మీంచి చిన్నప్పుడు చూసిన కొల్లేరు ఇదిగో, ఈ కంట్లో ఉంది."

"అద్దాలు పెట్టుకో త్రిపురా" అన్నాడు ప్రసాద్.

"ఉండండీ. పుళ్ళ దాకా చూడనివ్వండి."

ఐదు రోజులాగి కొట్టుకొచ్చారు. వస్తూనే స్కెచ్ బుక్కు తీసుకుని మూడో మెట్టు మీద నిలబడి ఖాళీ పేజీ ఒకటి తెరిచారు. "అమ్మో, ఇంత తెలుపా! దీన్నా నేను గంధం అన్నది?" అని నవ్వారు. ఎంత తెలుపో తేల్చుకోవాలంటే పక్కన ఇంకో తెలుపుండాలి. అది ఆవిడ వృత్తి. అటూ ఇటూ చూసి, పక్కనే నిలబడ్డ భర్త చొక్కాకి ఆ కాగితం ఆనించారు.

"ఏవండీ. ఈ నీలం చొక్కా ఎప్పుడు కొన్నారు?"

"నీలమెక్కడిది? తెల్లచొక్కానే. బంధువుల పెళ్ళికి నువ్వే తీశావుగా."

ఆవిడ కాలరు తిప్పి చూశారు, జేబు లోపల చూశారు. కుట్టు మడతలో నీలం పేరుకుపోయి ఉంది. ఆదివారం ఆదివారం ఆయన చొక్కాలు ఎవరికీ ఇవ్వకుండా ఆవిడే ఉతికి నీలిమందు పెడతారు. పచ్చగా కనపడ్డ కొద్దీ ఇంకో మూత, ఇంకో మూత. రెండేళ్ళు.

"నా తల్లే! ఊరంతా తిరిగారా వీటితో? చెప్పొచ్చుగా ఒక్క మాట!"

ప్రసాద్ గల్లా పెట్టె తాళంచెవి వెతుక్కుంటున్నట్టు జేబులు తడుముకున్నాడు. "చొక్కా తెల్లగా వచ్చిందండీ అని నువ్వే అన్నావు. ఈ ఊళ్ళో మ్యాచింగ్ విషయంలో నీ మాట కాదనే మగాడెవడు?"

డాక్టరు కార్డు ఎందుకంత నలిగిందో అప్పుడు తెలిసింది నాకు. నేను పన్నెండు రోజులు నోరు మూసుకున్నాను. వాడు రెండేళ్ళు ఆ చెప్పని మాటని తొడుక్కుని తిరిగాడు. భార్గవి లోపలికి పోయి తానులు సర్దసాగింది, ఎందుకో చాలాసేపు.

నెల తిరిగింది. రెండో కంటికి రమ్మని ఏలూరు నించి ఫోనొస్తే త్రిపుర గారు ఇంకో మూడు వారాలు గడువడిగారు. "ఈ ఎడమకంటి రంగులు పోతే మళ్ళీ ఎక్కడ కొనుక్కురానండీ? గీసిపెట్టుకోనివ్వండి" అని. డాక్టరు గారికి ఏం అర్థమైందో గానీ సరేనన్నారట. అప్పట్నించీ స్కెచ్ బుక్కులో ఒక పద్ధతొచ్చింది. ఎడమ పేజీ ఎడమకంటిది, కుడి పేజీ కుడికంటిది. మళ్ళీ వంకాయ వచ్చింది, రెండు పేజీల్లోనూ పడుకుంది. ఎడమది మసిబొగ్గు, కుడిది పెళ్ళికూతురు. కొల్లేటి రంగు మాత్రం ఇంకా వెయ్యలేదు. దానికి ఎన్ని రంగులు కలపాలో తేలట్లేదన్నారు. కలపడమనే మాట ఆవిడ నోట మొదటిసారి విన్నాను. పుస్తకం చేతిలోనే ఉన్నా నేనేమీ గుర్తుచెయ్యలేదు.

ఆ రోజుల్లోనే వీరదుర్గ మళ్ళీ వచ్చింది. బచ్చలిపండు రంగు పట్టుచీర. భార్గవి ముక్క తీసిచ్చింది. వీరదుర్గ దాన్ని చేత్తో పట్టుకుని ఇటూ అటూ కదిలింది. అడగాలా వద్దా అన్నట్టు. త్రిపుర గారు వాళ్ళ మధ్యకొచ్చి చీరా ముక్కా తీసుకుని మూడో మెట్టు దిగారు. బజారు మధ్యలో, అందరూ చూస్తుండగా, అరచేత్తో ఎడమకన్ను గట్టిగా మూసుకున్నారు.

"ఈ కన్నుకి ఇంకా ఆపరేషన్ కాలేదు వీరదుర్గా. ఇది చెప్పేది నమ్మకు. ఈ కన్ను మాత్రం సరిపోయిందంటోంది. మా కోడలు తీసిందే ఖాయం. నువ్వు కూడా దిగి చూసుకో అమ్మా, ఇంతకు ముందులా నా మొహం చూసి పోకు."

వీరదుర్గ దిగి చూసుకుంది. తలూపింది. "మా తోటికోడల్ని కూడా తీసుకొస్తానండీ, ఒంటికన్ను మ్యాచింగ్ చూద్దువుగాని అని" అంది. కొట్లో అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది త్రిపుర గారు.

వచ్చే బుధవారం రెండో ఆపరేషన్. ఈ పొద్దున్న నేను వెళ్ళేసరికి ప్రసాద్ మూడో మెట్టు మీద, కుర్చీలో, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. మిగతా నీలం చొక్కాలన్నీ ఆవిడ పాతబట్టల్లో పడేసినా, అన్నిటికన్నా ఎక్కువ నీలిమందు తాగిన చొక్కా ఒకటి దాచి, అదే తొడిగించారు. ఎడమ పేజీ అయిపోయింది. అంచులు, గుండీలు మాత్రం సన్నగా గీసి, మధ్యలో కాగితాన్ని ఉన్నది ఉన్నట్టు వదిలేశారు. కుడి పేజీ సగంలో ఉంది.

"ఎంతసేపే? బేరాలొచ్చే వేళైంది" అన్నాడు ప్రసాద్.

"భార్గవి ఉందిగా. మీరు కదలకండి."

వంగి చూశాను. ఆవిడ చేతిలో లేతనీలం పెన్సిల్. నొక్కడం లేదు. మొన కాగితానికి తగిలీ తగలనట్టు ఒక వరస వేసి, దాన్ని పక్కన పెట్టి, ఊదారంగుది తీసుకుని అదే చోట, అంతకన్నా లేతగా, రెండో వరస మొదలుపెట్టారు.